సేవాసంఘపు పాత కాగితములు: చదువు విధము, కాపాడు విధము

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, ప్రిన్స్‌టన్ పట్టణమునకు సమీపమున ప్లెయిన్స్‌బరో అను ఊరు కలదు. మేము నివసించుచున్నది ఇచ్చటనే. 1919లో రెండు పొరుగు ఊళ్ల భాగములు వేరుపడి ఈ టౌన్‌షిప్ ఏర్పడెను. ఒకప్పుడిది పాడిపంటల ఊరు. ఇచ్చటి వాకర్ గోర్డన్ పాలశాలలో 1930లో ఒక తిరుగు యంత్రమును నెలకొల్పిరి. దానిపై ఒకేసారి 50 ఆవుల పాలు పిదుకుచుండిరి. 2020 జనాభా లెక్కల నాటికి ఊరిలో సుమారు 24 వేల మంది ఉండిరి. వారిలో భారతీయులు అనేకులు.

ఆ పాలశాల కథ పత్రికలలో నిలిచినది. అయితే ఊరి పిల్లల కొరకు చందాలు పోగుచేసినదెవరు? ముసలివారికి కళ్లద్దములు తెచ్చి యిచ్చినదెవరు? ఇట్టి సంగతులు పెద్ద గ్రంథములలో దొరకవు. అవి దొరకునది స్వచ్ఛంద సేవాసంఘముల మినిట్సు పుస్తకములలో, రసీదులలో, హాజరు పట్టికలలో. అట్టి కాగితములను గూర్చియే ఈ వ్యాసము.

సేవాసంఘమనగా ఊరివారు కొందరు కూడి, జీతము లేక, తోటివారికి మేలు చేయుటకు పెట్టుకొన్న సంఘము. రోటరీ సంఘము 1905లోను, లయన్సు సంఘము 1917లోను షికాగో నగరమున పుట్టినవి. 1925లో హెలెన్ కెల్లర్ అను అంధ విదుషీమణి లయన్సు మహాసభలో ప్రసంగించి, చూపు లేనివారికి తోడుపడుడని కోరెను. నాటినుండి కంటి వైద్యము, కళ్లద్దములు ఆ సంఘమునకు ముఖ్యమైన సేవలైనవి.

ఇట్టి సంఘపు కాగితములు సాధారణముగా ఐదు విధములు. మొదటిది మినిట్సు పుస్తకము: సమావేశములలో జరిగినది ఇందుండును. రెండవది జమాఖర్చుల పుస్తకము. మూడవది సభ్యుల పట్టిక. నాలుగవది ఉత్తరప్రత్యుత్తరములు. ఐదవది ఫోటోలు, ఆహ్వాన పత్రికలు, పత్రికల కత్తిరింపులు.

వీనిలో మినిట్సు పుస్తకము చదువుట మొదట కష్టముగా తోచును. కాని దాని భాష కొద్దిపాటి మాటలతోనే నడచును. మన తెలుగు సభల పాత పుస్తకములలో ఇట్టి వాక్యము తరచుగా కనబడును: “ఫలానా వారు ప్రతిపాదించగా, ఫలానా వారు బలపరచగా, తీర్మానము ఏకగ్రీవముగా ఆమోదింపబడెను.” ప్రతిపాదించుట అనగా ఒక పనిని చేయుదమని సభ ముందుంచుట. బలపరచుట అనగా రెండవవాడు దానికి తోడు పలుకుట. తీర్మానము అనగా సభ చేసిన నిర్ణయము. ఏకగ్రీవముగా అనగా ఎవరును కాదనకుండ, అందరును ఒక్క గొంతుతో. ఇక లెక్కల పుస్తకములో జమ అనగా వచ్చిన సొమ్ము. ఖర్చు అనగా పోయిన సొమ్ము. నిల్వ అనగా మిగిలినది. ఈ ఏడు మాటలు తెలిసినచో సగము పుస్తకము చదువవచ్చును.

తేదీల విషయమున జాగ్రత్త వలయును. కొన్నిచోట్ల ఇంగ్లీషు తేదీకి బదులు తెలుగు సంవత్సరపు పేరుండును. 1931 ఉగాదితో మొదలైనది ప్రజోత్పత్తి. ఈ పేర్లు 60. అవి ముగియగానే మరల మొదటినుండి వచ్చును. కనుక 1991 ఉగాదితో వచ్చినదియు ప్రజోత్పత్తియే. కాగితమును, సిరాను, సభ్యుల పేర్లను చూచి ఏది యేదో తేల్చుకొనవలెను.

పుస్తకములో ఉన్నదానినే కాదు, లేనిదానిని కూడ చదువవలెను. లయన్సు సంఘములలో 1987 వరకు స్త్రీలకు సభ్యత్వము లేదు. అందుచేత అంతకు ముందరి సభ్యుల పట్టికలు చూచినవారు, స్త్రీలేమియు చేయలేదని పొరబడవచ్చును. మన సభల పుస్తకములలోను అధ్యక్షుల పేర్లుండును గాని, అన్నము వండిన అవ్వల పేర్లు అరుదు. వారి శ్రమ బియ్యము, పప్పు, నూనె ఖర్చుల వెనుక దాగియుండును. కావున లెక్కల పుస్తకమును పారవేయరాదు.

ఇదంతయు తోటల సంతతివారమైన మనకు ఏల ముఖ్యము? మన పూర్వులను గూర్చి మొదట వ్రాసినవారు మనవారు కారు. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి నేటాలుకు కూలీలను చేర్చెను. అప్పటినుండి 1911 వరకు అచ్చటికి వచ్చినవారు సుమారు 1,52,000. గుమాస్తాలు వారికి నెంబర్లు వేసిరి. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఒంటి మీది గుర్తులు వ్రాసికొనిరి. విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల పేర్లు వానిలో కలవు. తెలుగు పేర్లను ఇంగ్లీషు చెవితో విని వ్రాయుటచే అవి గుర్తుపట్టరాకుండ మారినవి. ఆ పట్టికలు మనకు ఊరు తెలుపును. మనిషి ఏమి తలచెనో తెలుపవు.

తరువాత మనవారే సభలు స్థాపించుకొనిరి. దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ, ఫిజీలో 1941లో ఆంధ్ర సంగము, మలయాలో 1955లో ఆంధ్ర సంఘము వెలసినవి. ఇట్టి సంఘముల పుస్తకములలోనే నెంబరుగా నుండినవాడు సభ్యుడయ్యెను, వ్రేలిముద్ర వేసినవాని కొడుకు సంతకము చేసెను. అనగా మనలను గూర్చి మనమే వ్రాసికొన్న తొలి పత్రములలో ఇవియు ఉన్నవి. కాని ఇట్టి పుస్తకములు తరచుగా కార్యదర్శి యింటనే ఉండును. ఆయన గతించిన పిదప ఇల్లు సర్దువారు తెలుగు చదువలేనిచో, అది భజన పుస్తకమో బడి పుస్తకమో తెలియక చెత్తలో వేయుదురు. భాష పోయినచోట కాగితము కూడ పోవును.

ప్లెయిన్స్‌బరోలో ఊరి చరిత్రసంఘమువారు వికాఫ్ గృహమను పాత యింటిని మ్యూజియముగా నడుపుచున్నారు. ఒక ఊరు తన చిన్న సంగతులను దాచుకొనుటకు గొప్ప భవనము అక్కరలేదు. ఒక గదియు, కొందరి ఓపికయు చాలును. మన సంఘములును ఇట్లు చేయవచ్చును.

కాగితములు దొరికినచో, అవి ఉన్న వరుసను చెదరనీయకుడు. ఆ వరుస కూడ ఒక సాక్ష్యమే. ఎవరి యింట దొరికినవో పెట్టెపై వ్రాయుడు. తుప్పుపట్టిన గుండుసూదులను మెల్లగా తీయుడు. చిరుగులకు అంటుటేపు వేయరాదు, లామినేషను చేయింపరాదు. ఆమ్లము లేని కాగితపు ఫోల్డర్లలో, పొడిగా చల్లగా ఉన్నచోట ఉంచుడు. అటకయు, నేలమాళిగయు తగవు. గుర్తులు పెన్సిలుతోనే వేయుడు. స్కాను చేసి ప్రతులను రెండుచోట్ల దాచుడు. అయినను అసలును పారవేయకుడు.

ఒక్క హెచ్చరిక. సాయము పొందినవారి పేర్లు ఈ పుస్తకములలో ఉండును. ఎవరి యింట బియ్యము లేకపోయెనో, ఎవరి శవసంస్కారమునకు సంఘము సొమ్మిచ్చెనో ఊరంతటికి చాటదగదు. అమెరికా ప్రభుత్వము జనాభా లెక్కలలోని వ్యక్తుల వివరములను 72 ఏండ్లు మూసియుంచును. 1950 నాటివి 2022లోనే తెరిచిరి. మనమును అట్టి గడువొకటి పెట్టుకొనుట మర్యాద.

మీ యింట తాతగారి పెట్టెలో ఇట్టి పుస్తకమున్నచో, తెరచి ఒక్క పుట చదువ ప్రయత్నింపుడు. ప్రతిపాదించగా, బలపరచగా అను మాటల కొరకు వెదకుడు. వానికి ముందున్న పేరు మీ ముత్తాతగారిది కావచ్చును.