బొంతకు తగ్గ బల్ల

మార్గశిరం ప్రవేశించగానే బైలదిలా కొండల నుండి చలిగాలి కాలనీ వీథులలోకి దిగుతుంది. పెట్టెల అడుగున ఉన్న బొంతలు వెలుపలికి వస్తాయి. 1968లో కిరందుల్‌లోను, 1977లో బచేలీలోను ఇనుప ఖనిజపు గనులు ఆరంభమయ్యాయి. 1998లో దంతెవాడ జిల్లా ఏర్పడక పూర్వం ఈ రెండు ఊళ్లూ బస్తర్ జిల్లాలోనివే. ఉద్యోగరీత్యా ఇక్కడకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు వెంట తెచ్చుకున్న అలవాట్లలో పాత చీరలతో బొంత కుట్టుకోవడం ఒకటి.

బొంత మన ఒక్కరి సొత్తు కాదు. సంస్కృతంలోని కంథయే బెంగాలులో కాంథా అయినది. హిందీలో కథరీ, మరాఠీలో గోధడీ, కన్నడంలో కౌది, బీహారులో సుజనీ అంటారు. పేర్లు వేరైనా సూత్రం ఒక్కటే: అరిగి మెత్తబడిన బట్టను పొరలు పొరలుగా పేర్చి, కుట్టుతో ఏకం చేయడం. అమ్మ కట్టిన చీర మనవరాలికి వెచ్చదనమయ్యే మార్గం ఇంతకన్నా సులభమైనది మరొకటి లేదు.

టాకా ఎందుకు?

అసలు కుట్టుకు ముందు పొరలు కదలకుండా దూరదూరంగా వేసే కచ్చాకుట్టునే టాకా అంటున్నాము. మన వర్క్‌షాపులో రెండు రేకులను అతికేటప్పుడు ముందుగా అక్కడక్కడ ట్యాక్ వెల్డింగు చేస్తాము. అలా చేయనిచో వేడికి రేకులు వంకర పోతాయి. బొంత విషయమూ అంతే. సూది దిగిన ప్రతిసారీ పై పొర రవంత ముందుకు జరుగుతుంది. ఆ రవంతలన్నీ కలిసి, చివరకు వచ్చేసరికి పెద్ద ముడతగా తేలుతాయి. అప్పుడు విప్పి కుట్టడం మినహా గత్యంతరం ఉండదు. అరిగిన చీరకు ఒకే చోట రెండు సార్లు సూది తగిలితే చిరుగు ఖాయం. ఆ చీర అమ్మది అయితే మళ్లీ కొనడానికి దొరకదు.

అరవై అడుగుల పాకుడు

అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే పొడవు సుమారు 183 సెంటీమీటర్లు, అంటే ఆరడుగులు వస్తుంది. వెడల్పు 110 సెంటీమీటర్లు. మూడు చీరలైతే తొమ్మిది పొరలు. పొడవునా 10 సెంటీమీటర్లకు ఒక వరుస చొప్పున టాకాలు వేస్తే పది వరుసలు అవుతాయి. గచ్చు మీద పరిచి వేసేవారు అరవై అడుగుల మేర మోకాళ్ల మీద పాకవలసి ఉంటుంది. అడ్డు వరుసలు దీనికి అదనం.

మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం నాడు మనం ప్రతిజ్ఞ చేస్తాము. ప్లాంటులో వంగి బరువెత్తరాదని, పనిబల్ల తగిన ఎత్తున ఉండాలని నియమాలు వ్రాసుకున్నాము. గేటు దాటి ఇంటికి రాగానే ఆ నియమాలు వర్తించవా? ఇల్లాలి నడుము, అత్తగారి మోకాళ్లు కూడా భద్రతకు అర్హమైనవే. అందుచేత ఇంట్లో ఉన్న సామగ్రితోనే ఈ పనికి అనువైన చోటు ఏర్పరచుకునే విధానాలను ఇక్కడ వివరిస్తున్నాము.

నిలబడి వేసే పద్ధతి

నిటారుగా నిలబడి మోచేతిని మడిచి, నేల నుండి మోచేయి వరకు గల ఎత్తు కొలవండి. తేలికపాటి చేతిపనికి బల్ల దానికన్నా 5 నుండి 10 సెంటీమీటర్లు తక్కువలో ఉండాలి. మోచేయి 95 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నవారికి 85 నుండి 90 వరకు ఉన్న బల్ల సరిపోతుంది. భోజనపు బల్ల సాధారణంగా 75 సెంటీమీటర్లే ఉంటుంది. వంగవలసి రావడానికి కారణం ఆ లోటే.

దానిని పూరించడానికి ఇటుకలు పెట్టకండి. జారవచ్చు, అంచు విరగవచ్చు. 17 సెంటీమీటర్ల ఎత్తు, అరచేతికన్నా వెడల్పు గల నాలుగు చెక్కదిమ్మెలు తీసుకొని, బల్లకాలు దిగేలా రెండు సెంటీమీటర్ల గుంట తవ్వించండి. బల్ల 15 సెంటీమీటర్లు లేస్తుంది, కాలు తప్పుకోదు. ఎత్తు తక్కువ వారికి దిమ్మెను ఆ మేరకు తగ్గించాలి.

అడుగు పొరను బల్లపై ముడత లేకుండా పరిచి, అంచులను క్లిప్పులతో బిగించాలి. సాగదీయరాదు, సాగదీసిన బట్ట వదలగానే ముడుచుకుంటుంది. మిగిలిన పొరలు వేసి, నడిమి నుండి అంచుల వైపు టాకాలు వేయాలి. ఒక్కో టాకా నాలుగైదు సెంటీమీటర్లు ఉండవచ్చు. ఎదుటివైపు పక్క క్వార్టరు వదినగారు నిలబడితే చేయి చాచే దూరం సగమవుతుంది, కబుర్లు రెట్టింపవుతాయి.

కూర్చుని వేసే పద్ధతి

నిలబడలేని పెద్దవారికి రెండు వెదురు కర్రలు చాలు; బస్తర్‌లో వెదురుకు కొదవ లేదు. అడుగు పొరను ఒక కర్రకు, పై పొరను మరొక కర్రకు చుట్టాలి. నడిమి పొరలను మడిచి మధ్యలో ఉంచాలి. కుర్చీలో కూర్చుని, మామూలు ఎత్తు బల్ల మీద జానెడు చొప్పున విప్పుతూ, సర్దుతూ, అడ్డంగా టాకాలు వేస్తూ పోవాలి. అన్ని పొరలనూ ఒకే కర్రకు చుట్టవద్దు. చుట్టలో వెలుపలి పొర ఎక్కువ దూరం, లోపలి పొర తక్కువ దూరం తిరుగుతాయి కనుక విప్పేసరికి పొరలు ఎగుడుదిగుడవుతాయి.

మంచం మీద పరచడం చాలామంది చేసేదే. నవారు, నులక మంచాలు నడుమ కుంగుతాయి కనుక వాటిపై పొరలు సమంగా నిలువవు.

మరికొన్ని జాగ్రత్తలు

మన ఊళ్లలో ఎర్ర దుమ్ము ఎక్కువ. ముందుగా బల్లను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. చీరలను గంజి పోయేలా ఉతికి, జరీ అంచులు తీసివేయాలి. వెలుతురు కుడిచేతి వారికి ఎడమవైపు నుండి పడాలి. అరగంటకొకసారి సూది పక్కన పెట్టి నాలుగడుగులు నడవాలి.

సూదులను, పిన్నీసులను పనికి ముందు, తరువాత లెక్కించడం తప్పనిసరి. రేపు ఆ బొంత మీద పసిపిల్లలు పడుకుంటారు. లెక్క తప్పితే అయస్కాంతాన్ని బొంత మీద, నేల మీద నెమ్మదిగా జరపండి. మన కొండలోని హెమటైటు అయస్కాంతానికి గట్టిగా అంటుకోదు గాని, ఇనుమై, ఉక్కై, సూదిగా మారి వచ్చినప్పుడు మాత్రం వెంటనే పట్టుబడుతుంది.

గంతకు తగ్గ బొంత అన్నారు పెద్దలు. బొంతకు తగ్గ బల్ల కూడా ఉండాలని మా మనవి. ఈ సెలవు రోజున సోదర ఉద్యోగులు కొలబద్ద చేతబట్టి, ఇంట్లో కుట్టేవారి మోచేతి ఎత్తు కొలిచి, నాలుగు దిమ్మెలు సిద్ధం చేయగలరు. ఖర్చు స్వల్పం, ఆ ఇంట నడుము నొప్పి లేకుండా గడిచే శీతకాలమే లాభం.