నేల కింద పోసే డబ్బు

రాజధానిలో గృహనిర్మాణాన్ని గురించి చర్చ వచ్చినప్పుడల్లా భూమి ధరలు, నక్షాల ఆమోదం, అనధికార కాలనీల క్రమబద్ధీకరణ వంటి పెద్ద సమస్యలే ముందుకు వస్తాయి. ఇల్లు కట్టించుకునే మధ్యతరగతి గృహస్థును మాత్రం అంతకంటె చిన్న ప్రశ్న ఒకటి పునాది తవ్వే రోజునే పట్టుకుంటుంది. కంట్రాక్టరు ఇచ్చిన అంచనా కాగితం అడుగున ఒకే ఒక పంక్తి: చెదల మందు, అదనం. దానిని ఉంచడమా, కొట్టివేయడమా? సిమెంటు, ఇనుము ఖర్చుల పక్కన ఆ మొత్తం స్వల్పమే. కాని అది కంటికి కనిపించని ఖర్చు. పాలరాయి పరిపిస్తే బంధువులు చూసి మెచ్చుకుంటారు. మట్టిలో పోసిన మందును మెచ్చుకున్న బంధువు ఇంతవరకు లేడు.

చెదపురుగును మనం చీమజాతిలో కలిపివేశాము. పుట్టలను సైతం చీమలకే కట్టబెట్టాము. నిజానికి శాస్త్రజ్ఞుల వర్గీకరణలో అది బొద్దింకకు దగ్గరి చుట్టం. తొలకరి జల్లు పడిన సాయంత్రం దీపం చుట్టూ ముసిరే ఉసిళ్ళు దాని రెక్కల దశ. ఉత్తర భారత మైదానంలో ఇళ్ళకు చేటుతెచ్చే రకాలలో ముఖ్యమైనవి నేలలోనే కాపురముంటాయి; తేమ కోసం మట్టితో సంబంధం తెంచుకోవు. గోడ వెంట పైకి పాకే మట్టి గొట్టం అవి తమకోసం కట్టుకున్న కప్పుగల రహదారి. కాంక్రీటును అవి తినవు. అయితే గచ్చులో సన్నని చీలిక, నీళ్ళ గొట్టం చుట్టూ వదిలిన సందు వాటి ప్రయాణానికి చాలు. కాబట్టి వాటిని అడ్డవలసిన చోటు తలుపు చెక్క కాదు, గచ్చు కింది నేల. ఆ నేల చేతికి అందేది గచ్చు వేయక ముందే.

భారత ప్రమాణాల సంస్థ ఈ పనికి ఐ.ఎస్. 6313 అనే సంఖ్యతో ఒక నియమావళిని ఏర్పరచింది. కొత్త కట్టడాల సంగతి దాని రెండవ భాగంలో ఉంది. గచ్చు కింది మట్టికి చదరపు మీటరుకు 5 లీటర్ల ద్రావణం, పునాది గోడల వెంట నింపే మట్టికి గోడ ఉపరితలాన్ని బట్టి చదరపు మీటరుకు 7.5 లీటర్లు పోయాలి. వాన కురుస్తున్నప్పుడు, మట్టి తడిసి ఉన్నప్పుడు పోయరాదు. పోసిన తరువాత ఆ మట్టిని కదిలించరాదు. అడ్డుపొర ఎక్కడా తెగకుండా ఉండాలన్నది ఈ నియమాలన్నిటి సారం. మందు పోసిన మరునాడు ప్లంబరు వచ్చి అదే చోట కాలువ తవ్వితే, తవ్వినంత మేర గృహస్థు డబ్బు వృథా అయినట్లే.

ఇక్కడ కాస్త గుణకారం అవసరం. 120 గజాల స్థలం ఇంచుమించు 100 చదరపు మీటర్లు. పునాది గోడలను విడిచిపెట్టి కేవలం గచ్చు కింది నేలకే 500 లీటర్ల ద్రావణం కావాలి. చిరకాలంగా వాడుకలో ఉన్న క్లోర్‌పైరిఫాస్ మందును, 20 శాతం గాఢతగల రకమైతే, లీటరుకు 19 లీటర్ల నీరు చేర్చి వాడాలి. అనగా 25 లీటర్ల అసలు మందు ఖర్చు కావాలి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం రకమైతే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు, అంటే సుమారు ఒక లీటరు సరిపోతుంది. ఒక మనిషి భుజాన చిన్న స్ప్రేయరు తగిలించుకుని వచ్చి అరగంటలో పని ముగించి వెళ్ళాడంటే, జరిగినది నేలను తడపడమే గాని అడ్డుపొర వేయడం కాదు. క్లోర్‌పైరిఫాస్ కలిపిన నీరు పాలవలె తెల్లబడుతుంది; ఆ తెలుపు చూసి తృప్తిపడినవారు ఈ నగరంలో తక్కువేమీ కాదు. లెక్క చూడవలసినది తెలుపును కాదు, సీలు విప్పిన డబ్బాలను.

కేంద్ర ప్రజాపనుల శాఖ తన పనుల నిర్దేశాలలో ఈ చికిత్సకు స్థానం కల్పించింది. ప్రభుత్వ భవనమైతే కొలతల పుస్తకం, దానిపై సంతకం పెట్టే ఇంజనీరు ఉంటారు. ప్రైవేటు గృహస్థుకు ఆ పుస్తకమూ లేదు, ఆ సంతకమూ లేదు. జాతీయ భవన నియమావళి సలహా గ్రంథమే గాని శాసనం కాదు.

శాసనమంటూ ఉన్నది 2016 నాటి స్థిరాస్తి చట్టం, జనవ్యవహారంలో రేరా. దాని 14వ సెక్షను ప్రకారం ఇల్లు స్వాధీనం చేసిన నాటినుంచి ఐదేళ్ళలోగా నిర్మాణంలో, పనితనంలో, నాణ్యతలో, ఒప్పందం మేరకు నెరవేర్చవలసిన బాధ్యతలలో లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజులలో బిల్డరు ఉచితంగా సరిచేయాలి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ వర్తించే చట్టమే ఇది. చెదల మందు మాట విక్రయ ఒప్పందంలో రాసి ఉంటే అది బాధ్యత అవుతుంది. రంగుల కరపత్రంలో మెరిసి ఒప్పందంలో మాయమైతే, కొన్నవాడు వాదించి నెగ్గవలసి వస్తుంది.

అయితే ఢిల్లీ ప్రత్యేకత వేరు. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలోని ప్రాజెక్టులకు, ఎనిమిది ఫ్లాట్లకు మించని వాటికి రిజిస్ట్రేషను అక్కరలేదని ఆ చట్టంలోని 3వ సెక్షనే చెబుతున్నది. 500 చదరపు మీటర్లంటే దాదాపు 600 గజాలు. ఈ నగరంలో మధ్యతరగతి కొనుక్కునే ‘బిల్డరు ఫ్లోరు’ అంటే వంద, రెండు వందల గజాలలో పాత ఇల్లు కూల్చి లేపిన నాలుగు అంతస్తులు. పర్యవేక్షణ అత్యవసరమైన చోటనే చట్టం చూపు సన్నగిల్లింది. చిన్న నిర్మాతకు భారం తగ్గించాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేము గాని, ఆ భారం ఎవరి నెత్తిన పడిందో పార్లమెంటు ఆలోచించినట్లు కనిపించదు.

మందు పోయించడంలో ప్రమాదం లేదా అంటే, ఉన్నది. ఒకప్పుడు ఈ పనికి వాడిన ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్‌లను ఈ దేశం 1996లో నిషేధించింది. వాటి స్థానంలోకి వచ్చిన క్లోర్‌పైరిఫాస్ పేరు 2020 మే నెలలో కేంద్రం ప్రకటించిన 27 మందుల నిషేధ ముసాయిదాలో కనిపించింది. 2025లో కొన్ని మినహాయింపులతో స్టాక్‌హోం ఒడంబడిక జాబితాకెక్కింది. అమెరికాలో ఇళ్ళలో దాని వాడకాన్ని విరమించే ఒప్పందం 2000 సంవత్సరంలోనే కుదిరింది. ఇంటి ఆవరణలో బావిగాని చేతిపంపుగాని ఉన్నవారు దీనిని దూరంగా ఉంచి, మరో మందు అడగడం మంచిది. వృత్తిగా ఈ పని చేసేవారికి లైసెన్సు ఉండాలని 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింది నిబంధనలు విధిస్తున్నాయి. లైసెన్సు చూపమని అడిగే గృహస్థు అరుదు. చేతికి తొడుగులు లేకుండా డబ్బా విప్పే కూలీ మాత్రం అరుదు కాడు.

స్వంత స్థలంలో కట్టించుకునేవారు ఈ ఖర్చు పెట్టాలనే ఈ రచయిత అభిప్రాయం. పని జరిగే రోజున సెలవు పెట్టి అక్కడ నిలబడలేనివారు మాత్రం పెట్టినా పెట్టకపోయినా ఒకటే. కట్టిన ఇల్లు కొనేవారికి ఆ అవకాశం దాటిపోయి ఉంటుంది. వారికి మిగిలినది అదే నియమావళి మూడవ భాగం చెప్పే మార్గం: గోడ, గచ్చు కలిసే చోట 30 సెంటీమీటర్లకొక రంధ్రం చేసి, ఒక్కొక్కదానిలో లీటరుకు మించకుండా మందు నింపి మూసివేయడం. కొత్త గచ్చుకు తూట్లు పొడిపించుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? చెద కనిపించేదాకా ఆగి, ఏటా వానల తరువాత గోడ మూలలు, తలుపు ద్వారబంధాల అడుగు, గొట్టాల సందులు దివ్వె పట్టుకుని చూసుకోవడంలో తప్పు లేదు. ద్వారబంధాలు ఇనుముతో చేయించుకున్నవారికి భయం కొంత తక్కువ. టేకు అని నమ్మి కొన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: చెదను నిలువరించేది టేకు చేవ; పైనున్న తెల్లచెక్కకు ఆ శక్తి లేదు.

ఇక మూడవ అంతస్తు కొన్నవాని సంశయం. నేల కింద పోసే మందుకు తానెందుకు ఇవ్వాలని అతడు అడుగుతాడు. గొట్టాలు పైకి వెళ్ళే గూడు గుండా చెద అతని వంటింటి అలమారకూ చేరగలదు. ఆ నాలుగు కుటుంబాలకూ నేల ఒక్కటే. వాటా పంచుకుని, రసీదు నలుగురి పేర్ల మీదా తీసుకుని, దానిలో మందు పేరు, గాఢత, వాడిన లీటర్లు, లైసెన్సు సంఖ్య రాయించుకోవాలి. పదేళ్ళ గ్యారంటీ అని ముద్రించిన కాగితం ఎవరైనా ఇస్తారు. పదేళ్ళకు ఆ దుకాణం అక్కడ ఉంటుందో లేదో మాత్రం కాగితంలో ఉండదు.