వృద్ధాశ్రమములో మందుల బీరువా

వృద్ధుల పోషణ, సంక్షేమములకై 2007లో పార్లమెంటు చేసిన చట్టము, జిల్లాకొకటి చొప్పుననైనను వృద్ధాశ్రమములు నెలకొల్పుటకు రాష్ట్ర ప్రభుత్వములకు వీలు కల్పించినది. దాతలు నడుపు ఆశ్రమములును పలుచోట్ల కలవు. పంచాయతీ సభ్యులు అచ్చటికి వెళ్లినపుడు వంటశాలను, పడకలను చూతురు. మందులుంచు చోటును తెరచి చూచువారు అరుదు.

మేము చూచిన ఒక ఆశ్రమమున అందరి మందులును ఒకే రేకుడబ్బాలో కలిసియుండెను. ఒక అవ్వ, పక్కమంచపు తాతగారి మధుమేహపు మాత్రను తనదే యనుకొని మ్రింగెను. అది గ్లిబెన్‌క్లమైడు. చక్కెర వ్యాధి లేనివారికిని రక్తములోని చక్కెరను అది దించివేయును. చెమటలు పట్టి స్పృహ తప్పిన ఆమెను సకాలమున ఆసుపత్రికి చేర్చిరి గనుక బ్రతికినది. తప్పు అవ్వది కాదు, డబ్బాది.

కావున ఒక్కొక్కరికి ఒక్కొక్క పెట్టె, దానిపై పెద్ద అక్షరములతో పేరు ఉండవలెను. దుకాణమున మాత్రల షీటును కత్తిరించి ఇచ్చునపుడు మందు పేరు, గడువు తేదీ గల భాగము అక్కడనే మిగిలిపోవుట కలదు. వానిని పెట్టెలోని చీటిపై వ్రాయించుకొనవలెను. కీళ్లవాతమునకిచ్చు మెథోట్రెక్సేటు వారమునకొక్కమారే వేసికొనదగినది. ప్రతిదినము మ్రింగిన ప్రాణాపాయము. అట్టి పెట్టెపై ఏ వారమున ఇయ్యవలెనో కూడ వ్రాయుడు.

పెట్టెలన్నియు తాళమున్న బీరువాలో నుండవలెను. మతిమరుపు గలవారు ఒకే మాత్రను రెండుమార్లు వేసికొందురు. తాతను చూడవచ్చిన పిల్లలు మిఠాయి యనుకొందురు. నిద్రమాత్రలకు వేరు అర, వేరు లెక్క పుస్తకము అవసరము. అయితే తాళపుచెవి మేనేజరు జేబులోనుండి, ఆయన పొరుగూరు పోయినచో రాత్రి జబ్బుపడినవారి గతి యేమి? రాత్రి కాపున్నవారి యొద్ద రెండవ తాళపుచెవి ఉండితీరవలెను. గుండెనొప్పికి నాలుక క్రింద నుంచుకొను మాత్రను, ఉబ్బసపు ఇన్‌హేలరును డాక్టరు సలహాపై రోగి చేతికందునట్లే ఉంచవలెను.

ఇక వేడిమి సంగతి. తెరువని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల నడుమ నుంచవలెను. గడ్డకట్టినది మరల కరిగినను పనికిరాదు. తెరచిన సీసా సాధారణముగా నాలుగు వారములు వాడవచ్చును. కాని రోహిణికార్తె ఎండలో రేకుల గదిలో నుంచిన చెడును. కరెంటు లేనపుడు రెండు కుండల నడుమ తడి ఇసుక పోసి, లోపలికుండలో సీసానుంచి మూత వేయుడు. ఎండుగాలి వీచు ప్రాంతములలో ఇది చక్కగా పనిచేయును. సముద్రతీరపు ఉక్కలో అంతగా పనిచేయదు.

రెక్కలపై పేర్లు వ్రాయించి పంకాలనిచ్చు దాతలు ప్రతి యూరను కలరు. బీరువా తలుపుపైనను పేరు వ్రాయవచ్చునని వారికి చెప్పుడు.

గడువు తీరిన మందులను చెరువులోగాని బావిలోగాని పారవేయరాదు. వేరుగా మూటకట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఫార్మసిస్టు నడిగి ఆయన చెప్పినట్లు చేయవలెను.