తప్పు ఒకచోట, కేక ఇంకోచోట

2025 మార్చిలో జీటీకే 4.18 విడుదలైంది. అందులో ఎక్స్11 బ్యాకెండ్‌ను కాలం చెల్లినవాటి జాబితాలో చేర్చారు. జీటీకే 5 వచ్చేసరికి దాన్ని తీసేయాలని ఆలోచన. లినక్స్ లోకమంతా ఇక ఎక్స్11 స్థానంలో వస్తున్న వేలాండ్‌దే రాజ్యమని చెప్పుకుంటుంటే, నాకు మాత్రం ఎక్స్11తో పాటే మరుగున పడిపోయే ఒక డీబగ్ ఆప్షన్ మీదికి మనసు పోయింది. దాని పేరు సింక్. తెర మీద పనిచేసే లైబ్రరీల్లో ఇంతకన్నా అందమైన డీబగ్ ఆప్షన్ నేను చూడలేదు.

జీటీకే అంటే బటన్లు, మెనూలు, కిటికీలు గీసిపెట్టే లైబ్రరీ. 1990లలో గింప్ అనే బొమ్మల ఎడిటర్ కోసం పుట్టింది. దాని కింద ఉండే ఎక్స్ 1984లో ఎంఐటీలో మొదలైంది, 11వ వెర్షన్ 1987లో వచ్చింది. ఎక్స్‌లో మన ప్రోగ్రాం వేరు, తెరను ఏలే సర్వర్ వేరు. ఇది రిక్వెస్ట్ పంపుతుంది, అది పని చేస్తుంది.

అసలు సంగతి ఇక్కడుంది. ప్రోగ్రాం ఒక్కో రిక్వెస్ట్‌కూ జవాబు కోసం ఆగదు. ప్రోగ్రాం తరఫున సర్వర్‌తో మాట్లాడే ఎక్స్‌లిబ్ అనే లైబ్రరీ వాటిని బఫర్‌లో పోగుచేసి ఒక్కసారిగా పంపుతుంది. కిరాణా కొట్టుకు చీటీల మీద చీటీలు పంపుతున్నారనుకోండి. మీరు తొమ్మిదో చీటీ రాస్తుండగా, నాలుగో దాంట్లో తప్పుందని కబురొస్తుంది. ఎక్స్‌లో ఎర్రర్ వచ్చేది సరిగ్గా ఇలాగే. అప్పటికి ప్రోగ్రాం ఇంకెక్కడో ఉంటుంది.

ఉదాహరణకు ఎర్రర్ కోడ్ 8, రిక్వెస్ట్ కోడ్ 42 అని చూపించి ప్రోగ్రాం చచ్చిపోతుంది. 42 అంటే కీబోర్డు ఫోకస్‌ను ఒక కిటికీకి ఇమ్మనే రిక్వెస్ట్. 8 అంటే బ్యాడ్‌మ్యాచ్. ఆ కిటికీ ఇంకా తెర మీద కనబడకముందే దానికి ఫోకస్ అడిగితే వచ్చే ఎర్రర్లలో ఇదొకటి. కానీ డీబగ్గర్‌లో బ్యాక్‌ట్రేస్ తీస్తే ఫోకస్ ఊసే ఉండదు. ఈవెంట్ లూప్ కనబడుతుంది, లేదా సర్వర్ జవాబు కోసం కాచుకున్న మరో అమాయక ఫంక్షన్. దాన్నే దోషిగా నిలబెట్టి, బాగున్న కోడ్‌ను తిరగరాసేవాళ్లున్నారు. విచారమేమిటంటే, ఎర్రర్లు ఆలస్యంగా వస్తాయనీ, సింక్‌తో నడిపి చూడమనీ జీటీకే ఆ చావు సందేశంలోనే రాస్తుంది. అక్కడిదాకా చదివేదెవరు?

సింక్ పెడితే ఎక్స్‌లిబ్ ప్రతి రిక్వెస్ట్ తర్వాతా ఆగి సర్వర్‌తో ఒక రౌండ్ ట్రిప్ చేసి వస్తుంది. ఊరికే ఆగడానికి వీల్లేదు, జవాబు వచ్చేదేదో అడగాలి. అందుకు ఎక్స్‌లిబ్ ఎంచుకున్నది 43వ రిక్వెస్ట్: ఫోకస్ ఇప్పుడెవరి దగ్గరుంది? ఆ సమాచారం దానికి అక్కర్లేదు, వచ్చిన జవాబును పారేస్తుంది. జవాబు వచ్చిందంటే అంతకుముందు పంపినవన్నీ సర్వర్ చూసేసిందని అర్థం. ఆ ఒక్క హామీ కోసమే ఈ ప్రశ్న. ఎంత తెలివో చూడండి!

ఈ రౌండ్ ట్రిప్ బదులు చాలామంది ఎక్స్‌లిబ్‌లోని ఎక్స్‌ఫ్లష్‌ను పిలిచి సరిపెట్టుకుంటారు. అది బఫర్‌ను ఖాళీ చేస్తుందే తప్ప సర్వర్ మాట కోసం ఆగదు. ఇంకొందరు రౌండ్ ట్రిప్ చేసే ఎక్స్‌సింక్ ఫంక్షన్‌నే పిలిచి, దానికి రెండో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇస్తారు. అప్పుడు క్యూలో ఉన్న ఈవెంట్లన్నీ గల్లంతు! వాడేవాడు నొక్కిన మీటలూ, మౌస్ క్లిక్కులూ వాటితో పాటే పోతాయి. ఒక బగ్‌ను వెతకబోయి మరొకదాన్ని పుట్టించడమంటే ఇదే.

జీటీకే 3 రాసినవాళ్లు మాత్రం ఇంకో మెట్టు ఎక్కారు. ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక సీరియల్ నంబరుంటుంది, ఎర్రర్ దాన్ని మోసుకొస్తుంది. ఎర్రర్ రావచ్చని ముందే తెలిసిన చోట ఆ వరుసలో మొదటి నంబరూ చివరి నంబరూ గుర్తుపెట్టుకుంటారు. ఆ రెండింటి మధ్య నంబరుతో ఎర్రర్ ఎప్పుడొచ్చినా పట్టించుకోరు. రౌండ్ ట్రిప్ అవసరమే లేదు.

వాడకమంటారా, సులువే. జీటీకేలో సర్వర్‌తో మాట్లాడే భాగం పేరు జీడీకే. జీడీకే సింక్రొనైజ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 ఇచ్చి, ఎక్స్ ఎర్రర్‌ను అందుకునే జీడీకే ఫంక్షన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టి ప్రోగ్రాంను నడిపించాలి. ఆ వేరియబుల్‌ను డిస్‌ప్లే తెరవకముందే పెట్టాలి, మధ్యలో పెడితే లాభం లేదు. ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంది: సర్వర్ దూరాన ఉండి రౌండ్ ట్రిప్‌కు 50 మిల్లీసెకన్లు పడితే, వెయ్యి రిక్వెస్టులకు 50 సెకన్లు. పైగా టైమింగ్ మారిపోవడంతో కొన్ని బగ్‌లు సింక్ పెట్టగానే మాయమవుతాయి. అలా మాయమైందంటే అది టైమింగ్ మీద ఆధారపడ్డ బగ్ అని అనుమానించవచ్చు. అది కూడా ఆచూకీయే.

వేలాండ్‌లోనూ రిక్వెస్టులు ఆగకుండానే వెళ్తాయి. ప్రోటోకాల్ ఎర్రర్ వస్తే కనెక్షనే తెగిపోతుంది. వేలాండ్ డీబగ్ అనే వేరియబుల్‌కు 1 ఇస్తే వచ్చేవీ పోయేవీ సందేశాలన్నీ టైముతో సహా అచ్చవుతాయి. పనికొచ్చేదే, కాదనను. కానీ ఆ వరదలో తప్పు చేసిన రిక్వెస్ట్‌ను మనమే కళ్లతో వెతుక్కోవాలి. ప్రోగ్రాంను తప్పు చేసిన లైను దగ్గరే పట్టుకుని నిలబెట్టడం దాని చేత కాదు.