అమరావతి పురావస్తుశాల: నగరనామవిచారము

కృష్ణాతీరమందలి అమరావతిలో దీపాలదిన్నెకు చేరువగా పురావస్తుశాల యొకటి కలదు. 1951వ సంవత్సరమున నేర్పడినది. దానిని జూడబోవువారు శిల్పమును జూచి, పద్మములను మెచ్చుకొని, మరలి వత్తురు. అది తగిన పనియే. కాని యా శాలను పట్టణచరిత్రశాలగా గూడ చదువవచ్చునని నా తలంపు. ఊరెట్లు పెరిగినదో, ఎట్లు క్షయించినదో, దాని పేరు దానిని విడిచి యెచ్చటికి బోయినదో యచ్చటి రాళ్లు చెప్పుచున్నవి. శాలలో నెచ్చటను ఈ సంగతి వ్రాసి పెట్టలేదు. చూచువాడే కూర్చుకొనవలయును.

మొదట కన్నుల బడునది స్తూపముయొక్క నమూనా. నమూనా చేయవలసి వచ్చుటకు గారణము స్తూపము లేకపోవుటయే. అది లేకపోవుటకు గారణమొక పట్టణనిర్మాణము. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లిని విడిచి యమరేశ్వరుని సన్నిధిని క్రొత్త రాజధానిని గట్టించెను. వీథులు తీర్చిరి, ఇండ్లు లేచినవి. ఇండ్లకు ఇటుక కావలయును, మెట్లకు రాళ్లు కావలయును. చెంతనే యున్న దిన్నెలో రెండును సిద్ధముగా నుండెను. 1798లో మెకంజీదొర వచ్చునప్పటికే త్రవ్వకము సాగియుండెను. అతడు 1816లో మరల వచ్చి మిగిలిన ఫలకములకు చిత్తరువులు వ్రాయించెను. ఆ చిత్తరువులలో నున్న రాళ్లు కొన్ని నేడు చిత్తరువులలోనే యున్నవి.

జమీందారును నిందించుట మనకలవాటైనది. పట్టణము గట్టువాడు దొరకిన యిటుకను వాడుకొనును. అంతకుమునుపు గట్టినవారును అట్లే చేసియుందురు. విద్యపేర వచ్చినవారు చేసినది మాత్రము తక్కువయా? 1845లో ఎలియట్టుదొర త్రవ్వించి శిల్పములను మద్రాసునకు బంపెను. వానిలో పెక్కు లండనునకు బోయినవి. 1880లో మద్రాసు గవర్నరు దిన్నెనంతయు శుభ్రముగా త్రవ్వించుమని యాజ్ఞాపించెను. ఆ పనివలన దిన్నె గుంటయయ్యెను. ఒకడు ఇంటికై తీసికొనెను, ఒకడు శాలకై తీసికొనెను. ఈ రెంటికి భేదము లేదని నేననను. రెండవవానివలన రాయైనను దక్కినది. కాని యమరావతీశిల్పమును సమగ్రముగా జూడగోరువాడు అమరావతిని, చెన్నపట్టణమును, లండనును మూడింటిని తిరుగవలయును.

నాలాగిరి యను మదగజమును బుద్ధుడు శాంతింపజేసిన కథను జెక్కిన గుండ్రని ఫలకము చెన్నపట్టణమున నున్నది. నగరవర్ణనము చదివించు పండితులు దానిని దప్పక చూడవలయును. ఒక ప్రక్క ఏనుగు మనుజుని కాలబట్టి త్రిప్పుచున్నది, మఱియొక ప్రక్క మోకరిల్లియున్నది, ఇది కథ. కథకు వెనుక వీథి యున్నది, మేడలున్నవి, గవాక్షములనుండి తొంగిచూచువారున్నారు, భయపడి పట్టుకొన్నవారున్నారు. శిల్పి చెక్కినది రాజగృహమే కావచ్చును. కాని యాతడెఱిగిన వీథి ధాన్యకటకపు వీథియే కదా! మన ప్రబంధములలోని పురవర్ణనములందు అగడ్త, కోట, మేడ, వారకాంత వరుస తప్పక వచ్చును. వీథిలో నడచువాని భయము రాదు. ఆ శిల్పమునందు వచ్చినది.

ఆ పట్టణము నేటి ధరణికోట. 1962 మొదలుగా నచ్చట జరిగిన త్రవ్వకములలో, నదినుండి తీసిన నౌకామార్గమును, దానినంటి యోడలు నిలుచు రేవుకట్టడమును బయలుపడినవి. కాబట్టి యది కేవలము పుణ్యక్షేత్రము గాదు. సరకు దిగిన చోటు. స్తూపమునకు రాళ్లిచ్చినవారి పేర్లను జూచినను ఇది స్పష్టమగును. గహపతి, వాణియ, హేరణిక, గంధిక మొదలగు మాటలు దానశాసనములలో వచ్చుచున్నవి. గృహపతి, వణిజుడు, హైరణ్యకుడు, సుగంధద్రవ్యములమ్మువాడు అని వీనికి సంస్కృతచ్ఛాయలు. రాజులకంటె వీరే యెక్కువ. వీరిలో విధికుడను చమ్మకారుడు, అనగా చర్మకారుడు, నాగోపాధ్యాయుని కుమారుడు, తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో, బంధుమిత్రులతో గూడ పూర్ణఘటఫలకమును దానమిచ్చినట్లొక శాసనము కలదు. తండ్రి యుపాధ్యాయుడు, కొడుకు తోలుపనివాడు! మన ధర్మశాస్త్రములు చదివి యా కాలపు పట్టణమును ఊహించుకొనువారు ఈ యొక్క పంక్తిని గూడ నెదుట బెట్టుకొనవలయును. 2018లో ఆంధ్రప్రదేశప్రభుత్వము తన చిహ్నముగా నంగీకరించిన పూర్ణఘటము అమరావతీశిల్పమునుండి గ్రహింపబడినది. అట్టి పూర్ణఘటమునొకదానిని దానమిచ్చినవాడొక చర్మకారుడని పాఠశాలలలో చెప్పుట లేదు.

ఇక నిగమశబ్దమును విచారింతము. నిగమమనగానే మనకు వేదము స్ఫురించును. కాని భట్టిప్రోలు స్తూపమున 1892లో దొరకిన ధాతుకరండముల శాసనములలో 'నేగమా' యని చెప్పి కొందఱి పేర్లు వరుసగా వ్రాయబడియున్నవి. అచ్చటనే నిగమశబ్దమును, గోఠి, అనగా గోష్ఠి, శబ్దమును వచ్చుచున్నవి. వీరు వైదికులు గారు, పట్టణపు వర్తకసంఘమువారు. ఇది బౌద్ధప్రాకృతమందలి విపరీతార్థమని కొందఱందురు. కాదు. అమరుడు పురవర్గారంభమున నగరపర్యాయములలో నిగమమును జదివెను. నానార్థవర్గమున వణిక్పథము, పురము, వేదము అని మూడర్థములనిచ్చి, నైగమశబ్దమునకు నాగరుడు, వణిజుడు అని రెండర్థములనిచ్చెను. మూడింటిలో వణిక్పథమే మొదట నున్నది. భట్టిప్రోలులోని నేగమశబ్దము ఈ నైగమమే.

పాణినియు ఆపణశబ్దమును నిగమశబ్దమును ఒకే సూత్రమున (3-3-119) ఘప్రత్యయాంతములుగా నిపాతించెను. గోచరము, సంచరము, వ్రజము గూడ నా సూత్రములోనివే. గోవులు తిరుగు చోటు, జనులు నడచు త్రోవ, సరకమ్ము అంగడి! ఈ పొరుగున నిగమమును జేర్చిన సూత్రకారుని చెవిలో ఏ యర్థము మ్రోగెనో చెప్పజాలము. కౌముదీకారుడు మాత్రము ఛందస్సను నర్థమునే చూపెను. మనమంతయు కౌముదిని జదివినవారము గనుక నర్థమొక్కటే మిగిలినది. అది సాధువే, కాని చాలదు. జనులు వచ్చి చేరుచోటు నిగమమను అధికరణార్థమునకు వ్యాకరణము అడ్డు రాదు. హిందీలో నగరపాలకసంస్థను 'నగర్ నిగమ్' అనుచున్నారు. మన తెలుగువారు ఆ మాటను దీసికొనలేదు. భట్టిప్రోలు మనదై యుండియు మాటను పరులు వాడుకొనుట వింతగానే యున్నది.

పేరు విషయము. శాసనములలో నీ పట్టణము ధంఞకడ, ధంఞకడక అని కనబడును. పల్లవ శివస్కందవర్మ కాంచీపురమునుండి పంపిన మైదవోలు తామ్రశాసనము ధంఞకడయందలి యధికారిని సంబోధించుచున్నది. అంధాపథమున కది పాలనస్థానమై యుండెనన్నమాట. కటకశబ్దమునకు సేనానివేశమనియు రాజధానియనియు నర్థములున్నవి. ధాన్యమును బట్టి పేరు వచ్చెనో, వేఱొక దేశ్యపదమును సంస్కృతీకరించిరో నిశ్చయించుటకు సాధనములు చాలవు. తరువాత ధరణికోట, అటుపిమ్మట దాని ప్రక్క నమరావతి.

అమరావతీశబ్దమున వైయాకరణునకు ముచ్చటైన సంగతి యొకటి కలదు. అమరశబ్దముపై మతుప్పు వచ్చినప్పుడు, మకారమునకు వకారము వచ్చి, 'అమరవతీ' యని హ్రస్వముగా నుండవలయును. 'మతౌ బహ్వచః' అను సూత్రముచేత (6-3-119) దీర్ఘము వచ్చినది. కాని యా దీర్ఘము సంజ్ఞయందే, అనగా పేరైనప్పుడే వచ్చును. గాజులు గలదియని చెప్పునప్పుడు 'వలయవతీ'యే, దీర్ఘము లేదు. అమరులు గల యూరు అని వర్ణించుట వేఱు, అమరావతియని పిలుచుట వేఱు. ఆ 'రా'లోని దీర్ఘమే యిది పేరని సాక్ష్యమిచ్చుచున్నది.

2015లో ఆంధ్రప్రదేశమునకు గట్టదలచిన నూతనరాజధానికి నీ పేరే పెట్టబడినది. ఆ యేడు అక్టోబరు 22వ తేదీన ఉద్దండరాయునిపాలెమున శంకుస్థాపన జరిగెను. ఉద్దండరాయునిపాలెము పాత యమరావతి గాదు. కృష్ణకు దిగువన, తూర్పున నున్నది. నేడు పాత యమరావతి పల్నాడుజిల్లాలోను, రాజధాని గుంటూరుజిల్లాలోను ఉన్నవి. లేని చోటికి పేరును మోసికొనిపోయిరని యాక్షేపించినవారిని వింటిని. ఈ యాక్షేపము వ్యాకరణదృష్టిని నిలువదు. దేశనామములకు పాణిని చెప్పిన నాలుగు నిమిత్తములలో (4-2-67 మొదలు 70 వఱకు) కడపటిది 'అదూరభవము', దూరముగాని దానినిబట్టి వచ్చినది. వరణవృక్షములకు సమీపమందున్న నగరమును 'వరణాః' అనియే పిలుతురు. ప్రత్యయము వచ్చి లుప్తమైనది. అమరావతికి దూరముగాని నగరము అమరావతి యగుటకు దీనికంటె దగిన యుదాహరణము దొరకదు. సంబంధమే పేరునకు ప్రమాణమైనచో, సంబంధము పోగా పేరు గూడ పోవలయును, కాని పోవుట లేదు కదా యని సూత్రకారుడే (1-2-55) శంకను దీర్చెను. పంచాలక్షత్రియులు పోయినను దేశము పంచాలమే.

పేరు నిలిచినంత సులభముగా నగరము నిలువదు. 29 గ్రామముల రైతులు 30,000 ఎకరములకు మించిన భూమిని, బాగుచేసిన స్థలములు తిరిగి యిత్తురను నొడంబడికపై, భూసమీకరణమునకు ఒప్పగించిరి. 2019 పిమ్మట రాజధానియొక్కటియా మూడా యను వివాదమున పనులు నిలిచిపోయినవి. 2022 మార్చిలో ఉన్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. 2024లో ప్రభుత్వము మారినతరువాత పనులు మరల దొరకొన్నవి. నడుమ నేండ్లలో దున్నుటకు పొలము లేక, అమ్ముటకు వీథి లేక యున్నవారి దురవస్థను గుఱించి వ్రాయుటకిది స్థలము గాదు. పురావస్తుశాలలోని దాతలపట్టికను జదివి వచ్చినవానికి మాత్రము ఈ రైతులు గహపతులుగానే తోచుదురు.

ఈ భూమి యింతకుముందొకసారి ప్రణాళికను జూచినది. రాజధానిప్రాంతమునందలి మల్కాపురమున రుద్రమదేవి కాలపు శిలాస్తంభశాసనము కలదు. శకవర్షము 1183, అనగా క్రీస్తుశకము 1261. విశ్వేశ్వరశివాచార్యునకు మందరగ్రామమును, దానితో వెలగపూడిని ఇచ్చినట్లందున్నది. మందరమే నేటి మందడము. ఆ గురువు శివాలయమును, మఠమును, అన్నసత్రమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, పాఠశాలను నెలకొల్పి, ఆదాయమును మూడు భాగములు చేసి వానికి పంచెను. వేదములకు మువ్వురుపాధ్యాయులు, పదము, వాక్యము, ప్రమాణము, సాహిత్యము, ఆగమము చెప్పుటకైదుగురు. మొదటివాడు వైయాకరణుడని వేఱుగ జెప్పనక్కఱలేదు. వైద్యుడు, కరణము, నర్తకులు, వాద్యకారులు, కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి, గ్రామరక్షకులు, అందఱకును భూమి నిర్ణయింపబడినది. ఊరనగా నెవ్వరెవ్వరు కావలయునో చెప్పు పట్టికగా నేనీ శాసనమును జదివితిని. పురుడు పోసికొనుటకు చోటు కల్పించినతరువాతనే నగరమనుట న్యాయము. నేటి సచివాలయము వెలగపూడిలోనే యున్నది.

పండితులతో నొక మనవి. నూతననగరము పెరిగినకొలది యీ గ్రామనామములకు వ్యుత్పత్తులు చెప్పుమని మనయొద్దకు వత్తురు. మందడమునకు మందరపర్వతమును, తుళ్లూరునకు ఏదో యొక మునిని దెచ్చి స్థలపురాణము గట్టుట గడియ పని. అట్టివానిని పాఠ్యపుస్తకములలోనికి రానీయరాదు. శాసనమున 'మందర' యని యున్నది, జనులు మందడమందురు, ఇంతవఱకే మనమెఱిగినది. సంజ్ఞలకు లోకవ్యవహారమే ప్రమాణమని సూత్రకారుడు చెప్పిన చోట, మన తెలివి చూపనక్కఱలేదు. దానికి మాఱుగా నొక పని చేయవచ్చును. 29 గ్రామముల పేర్లను మాత్రమే కాక, పొలముల పేర్లు, చెఱువుల పేర్లు, డొంకల పేర్లు వృద్ధులను అడిగి, వారు పలికినట్లే వ్రాసికొని, పటముపై గుర్తింపవలయును. గట్టులు చదునైన పొలమునకు పేరు తెలిసినవారు ఇంకను ఉన్నారు. ఆ పటము పురావస్తుశాలలో స్తూపనమూనా ప్రక్క నుండదగినది.

మల్కాపురపు స్తంభముమీద నంది కలదు. శాసనపాఠమును జయంతి రామయ్యపంతులుగారు ప్రకటించియున్నారు. పాఠశాలావిద్యార్థులను గొనిపోవువారు ఆ పాఠమును ముందుగా చదివించి గొనిపోవుట మేలు. రాతిమీది యక్షరము వారంతట వారు చదువజాలినంత స్పష్టముగా లేదు.