పారసీక రాజమాత సిసిగాంబిసు

రాజ్యములు పుట్టుటయు గిట్టుటయు చరిత్రయందు వింత కాదు. అయినను రాజు కూలినపుడు అతని తల్లి, ఆలు, బిడ్డలు ఏమైరో చరిత్రకారులు తఱచుగా వ్రాయరు. పారసీక దేశము నేలిన అకీమెనీయ వంశమునకు కడపటి చక్రవర్తియగు మూడవ డేరియసు కథయందు అతని తల్లి సిసిగాంబిసు వృత్తాంతము నిలిచియుండుట మన భాగ్యము.

సైరసు స్థాపించిన ఆ సామ్రాజ్యము సింధునది మొదలు ఈజిప్టు వఱకు వ్యాపించి రెండు వందల యేండ్లకు పైగా వర్ధిల్లెను. బగోవసు అను మంత్రి ఇరువురు రాజులను విషముచే జంపించి, క్రీ. పూ. 336వ సంవత్సరమున డేరియసును గద్దె నెక్కించెను. పిమ్మట నతనికిని విషపాత్ర నందింపగా, డేరియసు కుట్ర గ్రహించి దానిని మంత్రిచేతనే త్రాగించెనట.

క్రీ. పూ. 333లో ఇస్ససు వద్ద మాసిడోనియా రాజగు అలెగ్జాండరు అతనిని ఎదుర్కొనెను. రాజకుటుంబపు స్త్రీలు సేనవెంట వచ్చుట పారసీకుల యాచారము. పోరు ప్రతికూలింపగానే డేరియసు రథమును, విల్లును, డాలును విడిచి గుఱ్ఱమెక్కి పాఱిపోయెను. తల్లియు, భార్య స్టటైరాయు, ఇరువురు కుమార్తెలును, ఆరేండ్ల కుమారుడును శత్రువులకు జిక్కిరి.

మఱునాడు అలెగ్జాండరు తన మిత్రుడగు హెఫెస్టియనుతో వారి గుడారమునకు వచ్చెను. హెఫెస్టియను పొడవరి యగుటచే సిసిగాంబిసు అతడే రాజని తలచి మ్రొక్కెను. పొరపాటు తెలిసి యామె కలవరపడగా, అతడును అలెగ్జాండరే యని చెప్పి రాజు ఆమెను లేవనెత్తెను. నాటినుండి యామెను తల్లివలె గౌరవించెను.

తనవారి విడుదలకై డేరియసు యూఫ్రటీసునకు పడమటి భూములను, 10,000 టాలెంటుల ధనమును, ఒక కుమార్తెను ఇచ్చెదనని రాయబార మంపెను. అలెగ్జాండరు ఒప్పుకొనలేదు. స్టటైరా చెఱలోనే కన్నుమూసెను.

క్రీ. పూ. 331 అక్టోబరు 1వ తేదీన గౌగమేల వద్ద తుదిపోరు జరిగెను. పారసీకుల పక్షమున హిందూదేశపు ఏనుగులు కూడ వచ్చెను. ఆనాడు పారసీక రౌతులు శత్రుశిబిరమున జొచ్చి బందీలను విడిపింపబోగా, తక్కిన స్త్రీలు పరుగిడినను సిసిగాంబిసు తానున్న చోటు కదలలేదని గ్రీకు చరిత్రకారుడు డయొడోరసు వ్రాసెను. డేరియసు మరల పలాయితుడయ్యెను. మఱియొక సేనను గూర్చుకొనుటకే అతడట్లు చేసెనని నేటి పండితులు కొందఱందురు. కాని రెండు మాఱులు వెన్నుజూపిన రాజును సామంతులు నమ్మరైరి. క్రీ. పూ. 330లో బాహ్లిక దేశాధిపతి బెస్ససు అతనిని సంకెళ్లతో బంధించి, పొడిపించి, బండిలో విడిచిపోయెను. అలెగ్జాండరు ఆ శవమునకు రాజోచితముగా అంత్యక్రియలు జరిపించెను.

కొడుకు మరణమును సహించి బ్రతికిన ఆ తల్లి, క్రీ. పూ. 323లో అలెగ్జాండరు బాబిలోనున మరణించెనని విని, ముసుగు కప్పుకొని, అన్నపానములు మాని అయిదవనాడు ప్రాణము విడిచెను. శత్రువునకై యింత దుఃఖమేలయని శంకింపవలదు. తన మనుమరాండ్రకు ఇక దిక్కెవరను చింత యామెను దహించెను. ఆ చింత నిజమే యయ్యెను. అలెగ్జాండరు పెండ్లాడిన పెద్ద మనుమరాలిని సవతి రొక్సానా అనతికాలముననే చంపించెను.

వంశము మునిగిననాడు పాఱిపోవుటకు రాజునకు గుఱ్ఱము దొరకెను. పిల్లలను కాచుకొని కూర్చుండుట ముసలితల్లి పాలయ్యెను.