ఆపదలో ఫోను: ఇంటి మాట, ఊరి మాట

హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపురం వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన మన ఇళ్ళలో మనుమలు బడిలో ఆ రాష్ట్ర భాష నేర్చుకుంటారు; అవ్వకు మాత్రం ఇంటి తెలుగే ఆధారం. అందరూ బయటికి వెళ్ళిన వేళ తాతకు ఆయాసం వస్తే ఫోను చేయవలసినది ఆ అవ్వే.

2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ నేడు తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రలలోనూ ఉన్నది. పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయాలన్నిటికీ ఒకే సంఖ్యగా 112 వచ్చింది. ఈ పిలుపులు ఆయా రాష్ట్రాల కేంద్రాలకు చేరతాయి కనుక, ఎత్తినవారు సాధారణంగా అక్కడి భాషలోనే పలకరిస్తారు. 

మొదట చెప్పవలసినది జబ్బు కాదు, చోటు. మధ్యలో మాట తెగిపోయినా, చోటు తెలిస్తే బండి బయలుదేరగలదు. ఇక్కడే మనం తడబడతాము. మనం బరంపురం అనే ఊరు ఒడియాలో బ్రహ్మపుర. వీధులకు మన ఇళ్ళలో వాడే పేర్లు కూడా ప్రభుత్వ లెక్కలలో ఉండకపోవచ్చు.

రెండవది జరిగిన సంగతి. పాము పేరెత్తడానికి జంకి మన పెద్దలు 'పురుగు ముట్టింది' అంటారు. దానిని మాటకు మాటగా అనువదిస్తే వినేవారు చీమో తేలో అనుకోవచ్చు. పామును పామనే చెప్పాలి. తమిళంలో 'పాంబు', కన్నడంలో 'హావు' మన పాముకు తోబుట్టువులే. ఒడియా, మరాఠీలలోని 'సాప' మన సర్పానికి చుట్టం. గుండెలో నొప్పిని తమిళంలో 'నెంజు వలి' అనీ, కన్నడంలో 'ఎదె నోవు' అనీ అంటారు. ఏ మాటా తోచకపోతే 'అంబులెన్సు' అన్న ఒక్క మాట, ఊరి పేరు చాలు. అవతలివారు చెప్పేవరకు ఫోను పెట్టేయకూడదు.

రెండు భాషలూ తెలిసిన విద్యార్థులు చేయదగిన పని ఒకటున్నది. ఇంటి చిరునామా, దగ్గరి గుర్తు, పై నాలుగు మాటలు స్థానిక భాషలో ఎలా పలకాలో తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసి ఫోను దగ్గర అంటించండి. అవ్వ చేత రెండుసార్లు పైకి చదివించండి. ఆమెకు చదువు రాకపోతే కంఠతా పట్టించండి.